భాగ్యమ్మ మగ్గానికి నీలగిరి దోనె

రెండు వేల పదిహేడు. వానకాలం ముగింపుకు వచ్చింది. ఆలేరుల సా మిల్లుల వరుస దాటినంక, రైలు పట్టాలకు దగ్గరగ మా రేకుల షెడ్డు ఉంటది. అందుల ఒకటే లేత్. కట్టెను రెండు కొసల మధ్యన బిగించి మోటరుతో గిర్రున తిప్పుతుంటే, ఉలి ఆనించి గుండ్రంగ చెక్కుకునే మిషన్ అది. మంచం కోళ్లు, మెట్ల పక్కన నిలబెట్టే రెయిలింగ్ కట్టెలు, చపాతి కర్రలు, అప్పుడప్పుడు చిన్నపిల్లల తొట్టెలకు కట్టెలు. ఇవే మా పనులు.

నాకు బడి చదువు లేదు. అక్షరాలు మా అవ్వ భజన పుస్తకంల చూపించి నేర్పింది, లేత్ మా బాపు నేర్పిండు. రెండూ ఇంట్లనే, వంట నడుమ, పని నడుమ వచ్చినయి. బాపుకు మోకాళ్లు పట్టేసినంక షెడ్డు నేనే నడుపుతున్న. ఆయన గోడ పక్కన కుర్చీల కూర్చొని చప్పుడు వింటడు. ఉలి సరిగ్గ ఆనకపోతే చూడకుండనే చెప్తడు. పొద్దున స్విచ్ వెయ్యకముందు గుట్ట నర్సింహస్వామి పటానికి ఒక అగరుబత్తి, లేత్‌కు ఒక దండం. అంతకంటె పెద్ద పూజలు నాకు తెల్వయి. చేతివేళ్లు పదీ ఉన్నయంటే అది ఆయన దయనే అనుకుంట.

ఆ ఏడు బతుకమ్మ ఇంకా మొదలు కాలేదు. ఒక మొగోడు, ఒక ఆడమనిషి ట్రాలీ ఆటోల ఒక మొద్దు వేసుకొని వచ్చిన్రు. ఆమె పేరు భాగ్యమ్మ, ఆయన యాదగిరి. పక్క ఊర్ల చిటికి చీరలు నేసేటోళ్లు. నూలును ముందుగాల ముడులు కట్టి రంగులద్ది, ఆ రంగులు పువ్వుల లెక్క కుదిరేటట్టు నేసేదాన్ని చిటికి అంటరు. పడుగు అంటే నిలువు దారాలు, పేక అంటే అడ్డం దారాలు. రెండింటి రంగులు ఒక దగ్గర కలిస్తెనే పువ్వు పువ్వు లెక్క కనపడతది.

వాళ్లకు కావల్సింది దోనె. నేసిన బట్టను ఎప్పటికప్పుడు చుట్టుకునే ఐదడుగుల గుండ్రటి కట్టె అది, మగ్గంల నేసేటోళ్ల పొట్ట ముందర ఉంటది. వాళ్ల పాత దోనెను చెదలు తినేసింది. ఎందుకు తిన్నదంటే మగ్గం రెండు వానకాలాలు మూత పడ్డది. యాదగిరి బండి మీదికెల్లి పడి కుడి భుజం పోగొట్టుకున్నడు. చెయ్యి ఉన్నది గని భుజం పైకి లేవదు, మగ్గం తాడు గుంజలేడు. దవాఖానల ఇంక అంతే అన్నరట.

"ఇన్నేండ్లు నేను నేసిన, ఆమె పేక నూలు కండెలు చుట్టింది" అన్నడు యాదగిరి. "ఇప్పుడు ఆమె నేస్తది, నేను కండెలు చుడుత. ఇద్దరికీ ప్రమోషన్ వచ్చింది అక్కా."

భాగ్యమ్మ నవ్వలేదు. ఆమె చెప్పిన సంగతి ఇది. నూలు ఇచ్చి చీరలు తీసుకునే షావుకారు ఆమెకు కొన్ని చీరలకు సరిపడ ఒక్క పడుగు ఇస్తనన్నడు. అది సాపుగ నేస్తె రెండో పడుగు ఇస్తడు, లేకుంటే ఇంక ఆ ఇంటికి నూలు పంపడు. ఆడమనిషి ఒక్కతే మగ్గం మీద చిటికి పట్టుకొస్తదని ఆయనకు నమ్మకం లేదు. నూలు రాకుంటే ఇల్లు తాళం వేసి ఉప్పల్ దిక్కు ఏదన్న అపార్ట్‌మెంటుల వాచ్‌మన్ పనికి పోవాలె. వాచ్‌మన్‌కు భుజంతోని పని లేదు గద అని ఎవరో సలహా గూడ ఇచ్చిన్రట.

నేను మొద్దు దగ్గరికి పోయి చూసిన. నీలగిరి. వాళ్ల చెల్క పొలం ఒడ్డు మీది చెట్టు, ఎండకాలం గాలికి పడ్డదట. దాన్ని నరికి తెచ్చుకోను ఫారెస్టోళ్ల పర్మిట్ అక్కర లేదు, అందుకే తెచ్చిన్రు. బెరడు గూడ తియ్యలేదు. బెరడు కింద కట్టె పచ్చిగ, చల్లగ ఉన్నది.

మా పనిల నీలగిరిని ఎవరూ ముట్టరు. అది తొందరగ పెరిగే చెట్టు. పెరిగేటప్పుడు లోపటి కట్టె ఒక దిక్కు గుంజుతది, బయటి కట్టె ఒక దిక్కు గుంజుతది. నిలబడ్డన్ని రోజులు ఆ గుంజులాట సరిసమానంగ ఉంటది. కోసినంక, ఆరే కొద్దీ, ఎటు వీలైతె అటు వంగుతది, కొసలు పగులుతది. అందుకే అది పేపరు మిల్లు లారీలకో, స్లాబు కింద సెంట్రింగ్ గుంజలకో పోతది గని లేత్ మీదికి రాదు.

బాపు కుర్చీల నుంచి లేచి వచ్చి, కట్టెను గోరుతోని గీకి వాసన చూసిండు. ఎండకాలం దాక ఆరనియ్యాలె బిడ్డా అన్నడు.

"ఎండకాలం దాక మేము ఊర్ల ఉంటె గద పెద్దయ్యా" అన్నది భాగ్యమ్మ.

ఇంకో సంగతి గూడ ఉండె. దసర నాడు మగ్గానికి మొక్కి, ఆ రోజే కొత్త పడుగు ఎక్కించుడు వాళ్ల ఇంటి ఆనవాయితి. మగ్గం మూతపడ్డ ఇంట్ల మళ్ల మొదలు పెట్టుడంటే అంతకంటె మంచి రోజు దొరకదు. మా ఇంటి ఆనవాయితి ఇంకో తీరు. దసరకు లేత్ కడిగి, పసుపు కుంకుమలు పెట్టి మొక్కుతం, ఆ రోజు దాని మీద సగం పని ఉండొద్దు. పూర్తయిందన్న దిగాలె, కానిదన్న దిగాలె. మా తాత కాలం నుంచి గట్లనే. అంటే వాళ్లకు దసరకు దోనె కావాలె, మాకు దసరకు లేత్ ఖాళీ కావాలె. రెండు ఇండ్ల భక్తి కలిసి ఆ పచ్చి కట్టెను తొందర పెట్టింది.

వంగుతదేమో అని ఇద్దరికీ చెప్పిన. భాగ్యమ్మ జర సేపు మొద్దు దిక్కే చూసి, "వంగితె అప్పుడు చూసుకుందం అక్కా, ఇప్పుడైతె చెయ్యి" అన్నది. చేసినం.

పచ్చి నీలగిరిని చెక్కుడు టేకును చెక్కినట్టు ఉండదు. టేకు పొడి పొడిగ రాలుతది. ఇది రిబ్బన్ల లెక్క పొడుగ్గ, తడిగ లేస్తది. మొఖం మీద నీళ్లు చిమ్ముతయి, షెడ్డంత జలుబు మందు వాసన. బాపు ఆ రోజు తుమ్ముకుంట తుమ్ముకుంట నవ్విండు, నా ముక్కు బాగైంది గని కట్టె సంగతి తెల్వదు అన్నడు. మొదలు రఫింగ్, అంటే మొరటుగ గుండ్రం చేసుడు. తర్వాత ఫినిషింగ్, అంటే కాలిపర్‌తోని లావు చూసుకుంట నున్నగ చేసుడు. రెండూ ఒకే ఊపుల చేసిన. మీద లక్క పట్టించిన. లేత్ మీదికెల్లి దించేటప్పుడు ఆ దోనె నిఖార్సుగ ఉన్నది, ఒక్క వెంట్రుక వాసి తేడా లేదు. యాదగిరి దాన్ని ఎడమ చేతితోని దొర్లించి చూసి, మా పెండ్లప్పుడు నేను గూడ గిట్లనే ఉంటి అన్నడు.

మొద్దుల ఒక పొట్టి ముక్క మిగిలింది. చపాతి కర్ర చేద్దామని లేత్‌కు బిగించిన. మొరటుగ గుండ్రం అయ్యేసరికి పండుగ దగ్గర పడ్డది. సగం పని ఉండొద్దు గనక దించి, పటం కింద మూలకు పెట్టి మర్చిపోయిన. దసర నాడు లేత్ ఖాళీగ, పసుపు పూసుకొని, బంతిపూల దండ వేసుకొని ఉన్నది. మొక్కినం. జమ్మి ఆకు పెట్టుకున్నం. అదే రోజు భాగ్యమ్మ ఇంట్ల పడుగు ఎక్కింది.

దీపావళి ముందర ఫోన్ వచ్చింది. భాగ్యమ్మ. దోనె మాట ఎత్తలేదు. అందరూ మంచిగున్నరా అని అడిగి, ఒక్క మాట అడిగింది.

"అక్కా, మగ్గం కట్టెలు మీరు తీస్కుంటరా? పాత టేకు. ఏమన్న పనికొస్తయి."

ఎందుకమ్మా అన్న. మొదటి చీర సాపుగ రాలేదని, షావుకారు మనిషి వచ్చి చూసి పెదవి విరిచి పోయిండని చెప్పింది. చీర నడిమిట్ల పువ్వులు వంకరైతున్నయట, నేత ఒకసారి బిగుసుగ, ఒకసారి వదులుగ వస్తున్నదట. యాదగిరి గూడ మూడు రోజులు పక్కన కూర్చొని చూసి, నీ చెయ్యి ఒక తీరుగ పడ్తలేదు అన్నడట. షావుకారు కార్తీక పున్నానికి తనే వస్తనన్నడు. అప్పటిదాక ఆగి ఆయన నోట అనిపించుకునే కంటె ముందే విప్పుకుంటె మర్యాద అనుకున్నది ఆమె. రాత్రిళ్లు మనసుల తాడు గుంజి గుంజి చూసుకుంటున్న అక్కా, నా చెయ్యి ఎక్కడ తప్పుతున్నదో దొరుకుత లేదు అన్నది.

ఫోన్ పెట్టి మూలకున్న ఆ పొట్టి ముక్కను తీసిన. చేతులకు పని ఉంటె మనసు నిలబడుతదని నా అలవాటు. దసరకు ముందు ఏ గుర్తుల మీద బిగించిన్నో అవే గుర్తుల మీద బిగించి స్విచ్ వేసిన. ముక్క తిరగలేదు, ఎగిరింది. తడబడుకుంట, ఊగుకుంట తిరిగింది. దించేటప్పుడు గుండ్రంగ ఉన్న ముక్క, మూలకు కూర్చున్న ఆ కొన్ని రోజులల్ల తనంతట తనే వంగింది.

బాపు చప్పుడు విని కుర్చీల నుంచే అన్నడు, "దోనె గూడ గిట్లనే అయి ఉంటది."

తెల్లారి బస్సెక్కి వాళ్ల ఊరికి పోయిన.

గుంట మగ్గం. భాగ్యమ్మ గుంటల కాళ్లు పెట్టి కూర్చున్నది, కండ్ల కింద నలుపు. మొదటి చీర కోసి పక్కన మడత పెట్టి ఉన్నది, రెండో చీర సగం నేసి మగ్గం మీద ఉన్నది. నేను మొదటి చీరను చాప మీద పరిచిన. అంచులు సక్కగనే ఉన్నయి. నడిమిట్ల పువ్వులు మాత్రం అల లెక్క పైకి లేచి, మళ్ల సర్దుకొని, మళ్ల లేస్తున్నయి.

నూలు దారం ఒకటి అడిగి తీసుకున్న. దాన్ని దోనె మీద బట్ట లేని కాడ ఒక్క చుట్టు చుట్టి, కలిసిన కాడ గుర్తుకు ముడి వేసిన. విప్పి, చీర మొదట్ల ఒక అల మీద ఒక కొస పెట్టి గుంజిన. ముడి పోయి రెండో అల దగ్గర ఆగింది, జర తక్కువల. మళ్ల అక్కడ పెట్టి చూస్తె మూడో అల. బట్ట పొరలు పెరిగిన కొద్దీ దోనె లావైతది, అలల నడుమ దూరం గూడ అంతంతే పెరుగుకుంట వచ్చింది. దోనె ఒక్క చుట్టు తిరిగితె ఒక్క అల. వంగిన దిక్కు పైకి వచ్చినప్పుడల్ల నడుమ పడుగు బిగుసుకుంటున్నది, అది కిందికి పోయినప్పుడల్ల వదులైతున్నది.

దారం భాగ్యమ్మ చేతికి ఇచ్చిన. ఆమె గుంటల నుంచి లేచి వచ్చి తానే చీర పొడుగునా పెట్టుకుంట పోయింది. చివరి అల దాక కొలుచుకున్నది. చాప మీదనే కూర్చున్నది.

యాదగిరి గూడ వచ్చి అలలు చూసి, "తప్పు గూడ ఇంత లెక్కగ చెయ్యాలంటే నీతోని కాదు, నాతోని కాదు" అన్నడు. "చెయ్యి కాదే, కట్టె."

"మూడు రోజులు పక్కన కూసున్నవు గద" అన్నది భాగ్యమ్మ, దారం దిక్కే చూసుకుంట. "చెయ్యి చూసినవు గని కట్టెను చూసినవా?"

ఆయన లేచి చాయ పెట్టను పోయిండు. ఎడమ చేతితోని చాయ పెడ్తె ఎట్ల ఉంటదో అట్లనే ఉన్నది, గని ఆ రోజు దానికి ఎవ్వరూ వంక పెట్టలేదు.

బట్టను మెల్లగ విప్పి, మగ్గానికే వేలాడగట్టి, దోనెను తీసినం. ఆటోల షెడ్డుకు తెచ్చి లేత్ మీద తిప్పితె వంకర కండ్లకు కనపడ్డది. ఒక దిక్కు ఉలి తాకుతున్నది, ఇంకో దిక్కు గాలి. ఇంతకు ముందైతె దాన్ని ఆ పూటనే సరి చేసి పంపుదును. బాపు వద్దన్నడు. వంకర వరకు చెక్కి దించు, ఆగు, మళ్ల ఎక్కించు అన్నడు. జీవితమంతా ఆరిన టేకు మీద పని చేసిన మనిషికి అది గూడ కొత్తనే, ఆ పొట్టి ముక్క చూసి నేర్చుకున్నడు. చెక్కిన దోనెను నీడల, గాలి తాకేటట్టు పండబెట్టినం. కొసలు పగలకుండ మైనం పూసినం.

భాగ్యమ్మ రోజు ఫోన్ చేసేది. దోనె ఎట్లున్నది అని అడిగేది, దవాఖానల ఉన్న మనిషిని అడిగినట్టు. కార్తీక సోమవారం ఉపవాసం ఉన్న నాడు దాన్ని మళ్ల ఎక్కించిన. కొద్దిగనే కదిలింది. సరి చేసిన. ఇంకొన్ని రోజులు ఆగి మళ్ల ఎక్కించిన. ఈసారి ఉలి అన్ని దిక్కుల ఒక్క తీరుగ ఆనింది. ఆ చప్పుడు నాకు హారతి గంట లెక్క వినపడ్డది, ఎక్కువ చేసి చెప్తలేను. బాపు కుర్చీల కండ్లు మూసుకొని తల ఊపిండు. దోనె మొదటి కంటె సన్నగైంది, అయినా పనికి లోటు లేదు. లక్క పట్టించి, మొక్కి పంపిన.

పున్నమ నాడు ఏమైందో భాగ్యమ్మనే తర్వాత వచ్చి చెప్పింది. షావుకారు చాప మీద కూర్చొని మొదటి చీర చూసిండు, పక్కన పెట్టిండు. రెండో చీర విప్పుకుంట పోయిండు. సగం దాక అదే అల. సగం నుంచి పువ్వులు గీత గీసినట్టు సక్కగ వచ్చినయి. ఆయన కండ్లద్దాలు తీసి తుడుచుకొని మళ్ల పెట్టుకున్నడట. యాదగిరి దిక్కు తిరిగి, ఈ సగం నువ్వు కూసుంటివా అని అడిగిండట.

యాదగిరి కుడి చెయ్యి లేపి చూపెట్టిండట. అది ఛాతి దాక వచ్చి ఆగిపోయింది. "నేను కూసుంటె చీర గీడిదాకనే వస్తది సేటూ."

భాగ్యమ్మ గుంటలకు దిగి, ఆయన చూస్తుండంగనే ఒక చుట్టు నేసింది. దోనె తిప్పి, ఇంకో చుట్టు గూడ నేసింది. పువ్వు మీద పువ్వు కుదిరింది. షావుకారు బయటికి పోయి, బండికి కట్టుకొచ్చిన పడుగు మూట విప్పి గడప లోపల పెట్టిండు. వచ్చేటప్పుడే తెచ్చిండన్నట్టు. ఇస్తడో, వాపసు తీసుకపోతడో ఆ ఇంట్ల అడుగు పెట్టేదాక ఆయనకు గూడ తెల్వదేమో.

వాచ్‌మన్ పని మాట మళ్ల రాలేదు. ఆ దోనె మీద ఇయ్యాల్టికి చీరలు చుట్టుకుంటున్నయి.

ఆ పని తర్వాత నేను నీలగిరిని కాదనలేదు. పొలం ఒడ్డు మీది చెట్టు తప్ప ఇంకోటి లేనోళ్లు మా చుట్టు చాన మంది. రెండు విడతల చేస్త, నడుమ ఆరనిస్త అని ముందే చెప్త. ఆగలేమన్నోళ్లకు చెయ్య. కట్టెకు తన వంకర బయటపెట్టుకునే తీరిక ఇయ్యాలె, ఇచ్చినంకనే దాని మీద చివరి ఉలి పెట్టాలె. ఇది ఆ ఏడు నేర్చుకున్న పని. ఇంకోటి, ఒక మనిషి చెయ్యి సరిగ్గ లేదనే ముందు ఆ చేతికి మనం ఏమిచ్చినమో ఒకసారి తిప్పి చూడాలె.

ఒక్కోసారి అనుకుంట. మా ఇంటి ఆనవాయితినే ఆ దోనెను తొందర పెట్టింది, నిజమే. గని అదే ఆనవాయితి ఆ పొట్టి ముక్కను సగంల దించి మూలకు కూర్చోబెట్టింది. అది గూడ పండుగ లోపటనే అయిపోయి ఉంటె, నేను ఆ పొద్దు దేన్ని బిగించి చూద్దును? నర్సింహస్వామి ఎటు నుంచి చెప్పాలనుకుంటే అటు నుంచి చెప్తడు. దండం పెట్టుకుని ఊకుంట.

మరుసటి దసరకు లేత్ కడిగి పసుపు పెడుతుంటే, బాపు కర్ర పట్టుకొని లేచిండు. గోడకు ఆరబెట్టిన మొరటు నీలగిరి కట్టెలు, సగం పనివి, ఒక్కొక్కటి దొర్లించి లేత్ కాళ్ల కాడికి తెచ్చిండు. వాటికి గూడ బొట్లు పెట్టు అన్నడు. సగం పని కద బాపు అన్న. లేత్ మీద లేవు గద, కిందనే ఉన్నయి గద అన్నడు, మా తాతకు సమాధానం చెప్తున్నట్టు. అప్పటి నుంచి మా షెడ్డుల దసరకు చేసిన పనికీ, ఆరుతున్న పనికీ ఒక్కతీరు బొట్టే.

ఆ మొదటి చీర షావుకారు తీసుకోలేదు, భాగ్యమ్మనే ఉంచుకున్నది. పండుగ తెల్లారి జమ్మి పెట్టను వచ్చేటప్పుడు ప్రతి ఏడు అదే కట్టుకొని వస్తది. ఇంకోటి కట్టుకోమంటె వినదు అని యాదగిరి చెప్తడు. బస్సుల పక్క సీటోళ్లు చూస్తె, నడిమిట్ల ఈ వంకర నాది కాదు, కట్టెది అని అడగకుండనే చెప్తదట. బాపు ప్రతిసారి ఆ చీర కొంగు పట్టుకొని, అలల మీద వేలు పెట్టి కొలుచుకుంట పోతడు. చివరికి వచ్చి, లెక్క ఇంకా సరిగ్గనే ఉన్నది అంటడు.